చెకప్ రోజు వేసుకోని బిళ్ళ

గుండె బలహీనపడి, ఒంటికి నీరు పట్టి, కాకినాడ ఆసుపత్రిలో ఉండి వచ్చాక మా అమ్మకు నెలకో సోమవారం చెకప్ పెట్టారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. మా ఫరంపేట నుంచి ఆటోలో బస్టాండుకి, అక్కణ్ణుంచి కాకినాడకి బస్సు.

ఇంట్లో ఆవిడ కాళ్ళు మామూలుగానే ఉండేవి. సోమవారం డాక్టరు వేలితో నొక్కితే మాత్రం గుంట పడేది. ఆయన నీరు పోయే బిళ్ళ మోతాదు పెంచేవారు. అది వేసుకుని అమ్మ నెలంతా కళ్ళు తిరుగుతున్నాయని గోడ పట్టుకుని నడిచేది. మళ్ళీ చెకప్‌కి వెళ్తే మళ్ళీ వాపే. ఇదేం విడ్డూరమో నా బుర్రకెక్కలేదు. ఉప్పు మీద అనుమానంతో ఆవకాయ జాడీ అటకెక్కించాను. అయినా అంతే. ఇలాగే ఉంటే మళ్ళీ చేర్చాలి, ఈసారి గుండె తట్టుకోవడం కష్టం అన్నారు డాక్టరు. నాకు ఏడుపొచ్చేసింది.

చెకప్ ముందు ఆదివారం, చర్చికి తయారవుతూ అమ్మ మిగతావన్నీ మింగి నీరు పోయే బిళ్ళ ఒక్కటీ తిరిగి డబ్బాలో వేసేయడం చూశాను. రేపూ అంతేనా అని నిలదీశాను.

“ప్రార్థన మధ్యలో ఎన్నిసార్లు లేవమంటావే? రేపు బస్సాపించి తుప్పల్లోకెళ్ళనా? నువ్వెళ్తావేంటి?”

నా కోపం నషాళానికంటింది. ఇంతకాలం నన్ను పిచ్చిదాన్ని చేసిందని అరిచాను. చర్చి మాన్పించి దగ్గరుండి మింగించాను. సోమవారం పొద్దున్నా అంతే.

తాళ్ళరేవు దాటాక అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లేచి కండక్టరుని బతిమాలాను. పాపం, వెంటనే ఆపించాడు. బస్సంతా మా వైపు తిరిగింది. అమ్మ కదల్లేదు. తనకేం అక్కర్లేదు, పోనివ్వమంది. బస్సు కదిలింది. ఆవిణ్ణి తిట్టాలో, వాటేసుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాను.

కాకినాడలో దిగేటప్పుడు చూశాను, వెనక చీరంతా తడిసిపోయింది. చేతిసంచీ అడ్డం పెట్టుకుని నడిచింది.

డాక్టరుగారు కుర్చీ చూపించినా కూర్చోలేదు. నిలబడే కాళ్ళు చూపించింది. ఆయన నొక్కి చూసి, మొదటిసారి నవ్వారు.

“చాలా బాగుందమ్మా. ఇకమీద ప్రతిసారీ ఇలాగే వేసుకుని రండి.”

“అలాగేనండి” అంది అమ్మ. నా వైపు మాత్రం చూడలేదు.