బ్రేకు వేస్తూ నేర్చిన జపనీస్

జపనీస్ క్రియలకు అర్థాలు చెబుతామనే యాప్‌ల మీద నాకు గౌరవం లేదు. ‘కకేరు’ అనే ముక్కకు అర్థం చూస్తే, ఇంగ్లీషులో పదిహేను మాటలు కక్కింది నా ఫోను. తగిలించు, పోయు, కూర్చో, ఫోన్ చెయ్యి... అది అర్థమా, కిరాణా చీటీయా? నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి వదిలిన ఆటోవాణ్ణి. చోడవరం నుంచి అనకాపల్లికి జనాన్ని మోస్తూ, ఆటో నిండే లోపల ఫోన్లో జపనీస్ నేర్చుకునేవాణ్ణి. జపాన్‌లో క్యాబేజీ తోటల్లో పని ఉందని తెలిసినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. ఆ పని దొరికితే ఈ ఆటో అమ్మేయవచ్చు.

ఒకరోజు సడన్ బ్రేకు వేసినప్పుడు ‘కకేరు’ అర్థమైంది. బ్రేకు వేస్తాం, తాళం వేస్తాం, పాట వేస్తాం, దారిన పోయేవాణ్ణి కేక వేస్తాం. జపాన్‌వాడు వీటన్నిటికీ ‘కకేరు’ అంటాడు. ఇంగ్లీషువాడికి పదిహేను మాటలు కావాల్సి వస్తే అది వాడి ఖర్మ. ఆ రోజు నుంచి ప్రతి క్రియకూ తెలుగులో జోడీ వెతకడం మొదలుపెట్టాను. నా అంత తెలివైనవాడు చోడవరంలో లేడనుకున్నాను.

తోట వాళ్ల ఇంటర్వ్యూ మా ఊరి జపనీస్ కోచింగ్ సెంటర్ ద్వారానే జరుగుతుంది. వెళ్లి అడిగాను. అక్కడి సారు కంప్యూటర్ మీంచి తల కూడా ఎత్తలేదు.

“ఏటి బాబూ, నీకు జపనీస్ ఎవరు నేర్పేరు?”

“మా ఆటో సార్.”

“జోకులా? సర్లే, ఒక గుంటడు ఇంటర్వ్యూకి రానన్నాడు. ఆడి బదులు కూర్సో. మా పరువు మాత్రం తియ్యకు.”

ఆయన క్లాసులో పిల్లలు ఇంగ్లీషు అర్థాలను ఎక్కాల్లా అరుస్తుంటారు. ఏ మాట ఎవరితో అనాలో వాళ్లూ అడగరు, ఆయనా చెప్పడు.

ఇంటర్వ్యూలో తెర మీద తోట యజమానురాలు, ఒక పెద్దావిడ కనిపించింది. పొలం పని వచ్చా, చలికి తట్టుకోగలవా అని అడిగింది. నత్తి నత్తిగానైనా అన్నిటికీ చెప్పాను. చివర్లో లేవాలి. మా వైపు పెద్దవాళ్ల దగ్గర నుంచి లేచేటప్పుడు ‘పోతాను’ అంటే చీవాట్లు పడతాయి. ‘వెళ్లొస్తాను’ అనాలి. దానికి సరైన జోడీ నా దగ్గర ఉంది కదా. వంగి దండం పెట్టి, “ఇత్తె కిమాస్” అన్నాను.

ఆవిడ కళ్లు పెద్దవి చేసింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ “ఇత్తెరస్షాయ్” అంది. వెళ్లి రా అని.

తెర ఆరగానే సారు నా మీద పడ్డాడు. “ఒరే, అది ఇంట్లోంచి బయటికెళ్తూ ఇంట్లోవోళ్లకి సెప్పేది! ఇంటర్వ్యూలో సెప్తారేట్రా? ఆవిడేటి, మీ అత్తా?”

“మరి జవాబెందుకు సెప్పింది సార్?”

“నవ్వలేక సచ్చి సెప్పింది!”

విషయం ఆయనే సరిగ్గా చెప్పాడని ఒప్పుకోవడానికి ఇప్పటికీ కడుపు మండుతుంది. యాప్ కంటే నేనేం తక్కువ తిన్నాను? మాటకు మాట జోడీ కట్టి, అది ఎవరి గుమ్మంలో అంటారో చూడకుండా వదిలేశాను.

తర్వాతి వారం సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. నన్ను పనిలోకి తీసుకున్నారట. ‘వెళ్లొస్తానన్న ఆ అబ్బాయి’ అని ఆవిడ అడిగి మరీ తీసుకుందట.

మర్నాటికి బస్టాండు ఎదుట ఫ్లెక్సీ లేచింది. ‘మా శిక్షణలో ఆణిముత్యం’ అని నా ఫొటో, ఒంటి మీద నేను జన్మలో ఎరగని నల్ల కోటు. పక్కన నాకంటే పెద్దగా సారు. ఆటో అక్కడే ఆపి సెంటర్‌కు వెళ్లాను.

“సార్, మీ క్లాసుకి నేనెప్పుడొచ్చేను?”

“మా కుర్సీలో కూర్సున్నావు కదా! ఇంతకీ ఎలాగుంది ఫ్లెక్సీ?”

వీసాకు పంపాల్సిన నా కాగితాలు ఆయన మోచేతి కింద ఉన్నాయి. వాటి మీద ఆయన ఇంకా సంతకం పెట్టలేదు.

“బెమ్మాండంగా ఉంది సార్,” అన్నాను. “కోటైతే మరీను.”