హార్మోనియంలో పీచు

మా ఊరి భజన సమాజం తన చరిత్రను పుస్తకంగా వేసి నాకూ ఒకటి పంపింది. అట్ట మీద పాత హార్మోనియం ఫొటో చూడగానే నవ్వొచ్చింది.

దాన్ని వాయించేది అధ్యక్షులైన మా పెదనాన్నగారు. తిత్తి కదిపితే చాలు, ఏ మెట్టూ నొక్కకుండానే 'ఊఁ' అని మూలిగేది. "స్వామి శ్రుతి ఇస్తన్నాడు," అనేవారాయన. పదేళ్ల నేను నమ్మి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టేదాన్ని.

ఒకసారి రాజోలు నుంచి రిపేరుకి వచ్చినాయన మెట్టు కింద నుంచి కొబ్బరి పీచు లాగాడు. "ఆయ్, మూలిగింది ఇదేనండీ." స్వామి దాన్లోనే ఉంటాడనుకుని, ఆ పీచును జామెట్రీ బాక్సులో దాచుకున్నాను.

ఆ శనివారం భజనలో ఆ మూలుగు లేక పదిహేను గొంతులు పదిహేను దార్లు పట్టాయి. హారతికి ముందే జనం చెప్పులు వెతుక్కున్నారు. పెదనాన్నగారు నన్ను పక్కకి పిలిచారు.

"అమ్మాయ్, ఆ పీచు పారేసేవా?"

"లేదండీ, దాచేను."

"పట్రా తల్లీ."

తన చేత్తోనే మళ్లీ మెట్టు కింద దూర్చి, "స్వామి వచ్చేడర్రా!" అన్నారు. అందరూ లెంపలేసుకున్నారు. అంతా చూసిన నేనూ వేసుకున్నాను.

పుస్తకంలో ముగ్గురు అధ్యక్షుల ఫొటోలున్నాయి, ముగ్గురికీ సంగీత బిరుదులున్నాయి. పీచు ఊసే లేదు. ఆ సమాజంలో ఏనాడూ శ్రుతి తప్పనిది అదొక్కటే.