గరాజ్‌లో కూడిక

మోకాళ్ళ నొప్పులని మా సంఘంలో నాకు కుర్చీ వేస్తారు. అందరూ మోకరించి ప్రార్థన చేసేటప్పుడు నేనొక్కదాన్ని కూర్చునే ఉంటాను. నొప్పి ఉన్నమాట నిజమే. కాని కింద పడిన సూది కోసం మంచం కిందికి దూరగలదాన్ని, దేవుడి ముందు వంగలేనా? వంగగలను. వంగడం లేదు. నా మీద ఒక బరువు ఉంది, దానితో పాటు వంగితే మళ్ళీ లేవలేనని భయం. అదేమిటో ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. నా చదువు ఐదో తరగతితో ఆగింది. బైబిలు చదవడం వచ్చు, నాలుగు ముక్కలు రాయడం వచ్చు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మొన్న ఒక మధ్యాహ్నం వంటగదిలో బల్ల దగ్గర కొత్తిమీర బాగుచేస్తున్నాను. కాడలు నేను పారేయను, పచ్చడికి పనికొస్తాయి. ఎదురుగా మా మనవరాలు కాలేజీ పాఠం చదువుకుంటోంది. ఏమిటే అది అని అడిగాను. వందేళ్ళ కిందట రష్యాలో సొంతవాళ్ళే రెండుగా చీలి చంపుకుంటున్న రోజుల్లో, తూర్పు కొసన ఒక దేశం పుట్టిందట. దాని పేరు నాకు నోరు తిరగలేదు.

"రియల్ కంట్రీ లాగే ఉంది నానమ్మా. ఫ్లాగ్ ఉంది, ఎలెక్షన్స్ పెట్టారు. కానీ వెనకాల మాస్కో వాళ్ళే చేయించారు, అటు సైడ్ జపాన్ ఆర్మీతో డైరెక్ట్‌గా ఫైట్ రాకూడదని. తర్వాత జపాన్ వాళ్ళు వెళ్ళిపోయారు. ఇంక నీడ్ లేదు కదా. సో వాళ్ళ అసెంబ్లీనే ఓట్ చేసి, మమ్మల్ని కలిపేసుకోండి అంది."

"మరి అది నిజం దేశమే అనుకుని అందులో ఉన్నవాళ్ళు ఏమయ్యారే?"

"అది బుక్‌లో లేదు."

పుస్తకంలో ఉండదు. కొత్తిమీర చేతిలోనే ఉండిపోయింది. వాళ్ళు ఏమయ్యారో నాకు తెలుసు.

మా తెలుగు సంఘం ఇక్కడ అమెరికాలో, ప్లేనో అనే ఊళ్ళో ఒక అమెరికన్ చర్చి హాలులో ఆదివారం మధ్యాహ్నాలు కూడుకునేది. పాస్టరు గారికి వయసు మీరింది. ఆయన తర్వాత ఆయన అల్లుడే అన్నారు కొందరు. కాదు, సంఘం ఎన్నుకోవాలన్నారు కొందరు. అంతే. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచినవాళ్ళు పార్కింగ్ లాట్‌లో ఒకరి కారు పక్కన ఒకరు కారు పెట్టడం మానేశారు. పెళ్ళి పిలుపులు ఆగాయి. అల్లుణ్ణి వద్దన్నవాళ్ళు వేరుపడి ఒక స్కూల్లో ఆరాధన మొదలుపెట్టారు. మా వైపు నుంచి ఒక్కో కుటుంబమే అటు జారిపోతోంది.

మా అబ్బాయి పాస్టరు గారి వైపు సంఘ పెద్ద. నన్ను కూరలకు తీసుకెళ్తూ కారులో అన్నాడు, అటు పోయేవాళ్ళు మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగాలమ్మా, నువ్వు పిలిస్తే ఆగుతారు అని. ఎందుకంటే నేను ఎవరి వైపూ మాట్లాడలేదు. రెండు వైపులవాళ్ళనూ సమానంగా తిట్టాను. అలా తిట్టినందుకే నా మీద అందరికీ నమ్మకం. ఆ నమ్మకం ఏ పనికి వాడబోతున్నాడో నాకు అర్థం కాలేదా? అయింది. సరే అన్నాను.

సుగుణ అని రాస్తాను, అసలు పేరు అది కాదు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. మా వైపు మనిషే, నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. మధ్యలో ఒక ప్రార్థన కూడిక పెడదామే అంటే, ఎవరు పెట్టించారని కూడా అడగకుండా తన ఇంటి గరాజ్ ఖాళీ చేసి ఇచ్చింది. కార్లు రెండూ బయట పెట్టుకుంది. ఆ వసంతంలో వడగళ్ళు పడి కారు నిండా సొట్టలు పడ్డాయి. "చూశావా పెద్దమ్మా, నా కారుకి ఆటలమ్మ పోసింది" అని నవ్వింది.

శనివారం పొద్దుటిపూట కూడుకునేవాళ్ళం. నేల మీద పాత కార్పెట్ ముక్కలు, మడత కుర్చీలు, మూలన ఒక ఫ్యాను. రెండు వైపుల నుంచీ వచ్చారు. మాటలు మానేసిన తోడికోడళ్ళు ఇద్దరు ఒకే పాటల పుస్తకం పట్టుకుని పాడారు. పిల్లలు బయట సిమెంటు మీద సుద్దముక్కలతో బొమ్మలు గీసేవాళ్ళు. తిన్నాక అల్యూమినియం ట్రేలు కడిగి నేను మళ్ళీ వాడితే, "పెద్దమ్మ ట్రేలు ప్రభువు రెండో రాకడ దాకా వస్తాయి" అనేవాళ్ళు. మధ్య కూడిక అని దానికి పేరు కూడా పడింది. నిజం చెప్పనా? కొన్ని శనివారాలు అది మా అబ్బాయి పెట్టించినదని నేనే మరచిపోయాను. నా జన్మలో నేను ఏదైనా కట్టానంటే అదొక్కటే, అదీ నాది కాదు.

ఇంటికి రాగానే మా అబ్బాయి అడిగేవాడు. ఎవరొచ్చారు, ఏ అంశాల కోసం ప్రార్థన చేయమన్నారు అని. చెప్పేదాన్ని. పాస్టరు గారి వాళ్ళూ ప్రార్థన చేస్తారు కదా అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. ఒకరి కన్నీళ్ళు మోసుకెళ్ళి ఇంకొకరి చెవిలో పోస్తే అది ప్రార్థనా, చాడీయా? ఇప్పుడు అడుగుతున్నాను. అప్పుడు అడగలేదు.

ఒక శనివారం అందరూ వెళ్ళాక, కుర్చీలు మడుస్తూ సుగుణ చెప్పింది. వాళ్ళాయనకు ఉద్యోగం పోయిందట. ఇంట్లో చెప్పలేదు. రోజూ ల్యాప్‌టాప్ బ్యాగ్ తగిలించుకుని ఆఫీసుకని బయలుదేరి లైబ్రరీలో కూర్చుంటున్నాడు. అక్కడ కారు చూసి ఈమె కనిపెట్టింది. తనకు తెలుసని ఆయనకు తెలియనివ్వడం లేదు. లంచ్ బాక్స్ కట్టి ఇస్తూనే ఉంది. ఆయనంతట ఆయనే నోరు విప్పి చెప్పేలా ప్రార్థన చెయ్యి పెద్దమ్మా, నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు అంది.

ఆ రోజే మా అబ్బాయికి చెప్పాను.

తర్వాత అటు వైపు ఆరాధన నడిపించే ఆయనకు ఎక్కడో దూరాన ఆష్‌బర్న్‌లో ఉద్యోగం వచ్చి కుటుంబంతో వెళ్ళిపోయాడు. స్కూల్లో ఆరాధన ఆగిపోయింది. ఇంక చాలమ్మా, అందరినీ తీసుకొచ్చెయ్ అన్నాడు మా అబ్బాయి. వచ్చినవాళ్ళను తక్కువ చేయకూడదురా అన్నాను. నా మాటమ్మా, ఎవరూ ఒక్క మాట అనరు అన్నాడు.

గరాజ్‌లో లేచి నిలబడ్డాను. ఉపవాసం ఉండి ప్రార్థించాను, మనల్ని వెనక్కి వెళ్ళమని దేవుడు చెప్పాడు అన్నాను. ఉపవాసం ఉన్నది నిజం. దేవుడు చెప్పడం అబద్ధం. సమ్మతమైనవాళ్ళు చేతులెత్తండి అని నా చెయ్యి నేనే ముందు ఎత్తాను. ఒక్కో చెయ్యే లేచింది. సుగుణ కార్పెట్ వైపు చూస్తూ కూర్చుంది. "దేవుడే చెప్పాక ఇంకేముందిలే" అని అందరికంటే ఆఖరున ఎత్తింది.

ఆ ఆదివారం హాలులో మా మధ్య కూడిక వాళ్ళందరినీ లేపి నిలబెట్టారు. తప్పిపోయిన గొర్రెలు అన్నారు. అల్లుడు వాక్యం చెప్పాడు. మోసం గురించి చెప్పాడు. "కొంతమంది ల్యాప్‌టాప్ బ్యాగ్ తగిలించుకుని ఆఫీస్‌కి అని చెప్పి లైబ్రరీలో కూర్చుంటారు. ఇంట్లో భార్యకి అంతా తెలుసు, తెలియనట్టు బాక్స్ కట్టిస్తుంది. ఇదీ మన కుటుంబాల్లో సత్యం" అన్నాడు. పేరు చెప్పలేదు. మగవాళ్ళ వరసలో సుగుణ భర్త తల తిప్పి భార్య వైపు చూశాడు. ఆ చూపు నేను చూశాను.

పార్కింగ్ లాట్‌లో సుగుణ నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు.

"పెద్దమ్మా, నీకొక్కదానికే చెప్పాను."

"నేనెవరికీ చెప్పలేదే."

"మరి వాక్యం చెప్పినాయనకెలా తెలిసింది?"

నాలుక మీదికి ఏది ముందు వస్తే అది అన్నాను. "దేవుడే బయలుపరిచి ఉంటాడు."

 నమ్మింది. నమ్మకపోయినా బాగుండేది.

"నేను తలుపేసుకుని దేవుడికి చెప్పుకున్నది, ఆయన మైకులో చెప్పించాడన్నమాట. వెనక్కి రమ్మన్నది ఇందుకా? అలాంటాయనకి ఇంకేం చెప్పుకుంటాను పెద్దమ్మా" అంది. సొట్టలు పడిన కారెక్కి వెళ్ళిపోయింది.

మా అబ్బాయిని అడిగాను. స్టీరింగ్ మీద నుంచి కళ్ళు తిప్పకుండా, "పేరు చెప్పలేదు కదమ్మా" అన్నాడు. నేను కన్న కొడుకు. నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని మాట ఇచ్చినవాడు. ఆ పని అయ్యాక కూడికలో ఎవరు వచ్చారు, ఎవరు ఏడ్చారు అని నన్ను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు నన్ను ఏదీ అడగడు. వాడి ఇంట్లోనే తింటున్నాను. వాడు నన్ను మోసం చేశాడని మండిపడ్డ ప్రతిసారీ సుగుణ ముఖం అడ్డం వస్తుంది. వాడు నన్ను ఎంత మోసం చేశాడో అంతే నేను ఆమెను చేశాను. కాదు, ఎక్కువే. వాడు దేవుడి పేరు చెప్పలేదు.

సుగుణ చర్చికి రావడం మానేసింది. వాళ్ళ కాపురం నిలబడింది, మాటలే తగ్గాయట. ఇండియన్ షాపులో కనిపిస్తే నా బియ్యం బస్తా బండిలో పెట్టిస్తుంది. ఒకరి ఇంట్లో పుట్టినరోజు భోజనాలకు కూర్చున్నాం. ప్రార్థన చేస్తుంటే అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను తెరిచాను. సుగుణ కళ్ళు తెరిచే ఉన్నాయి. తన ముందున్న పేపర్ ప్లేటు వైపు చూస్తోంది, ఎవరి కోసమూ ఎదురుచూడని మనిషిలా.

నా మీదికి రావాల్సిన కోపం దేవుడి మీదికి పోయింది. ఆయన నన్ను తప్పించుకోనిచ్చాడు, ఆ నింద మోస్తున్నాడు. ఒక్క మాట చెబితే అది నా మీదికి దిగుతుంది. ఎందుకు చెప్పలేదు? తప్పిపోయిన గొర్రెలనిపించానని ఆ కూడికలోవాళ్ళందరూ ఇప్పటికే నన్ను చూసి ముఖం తిప్పుకుంటున్నారు. ఈ ఊళ్ళో నన్ను ఇంకా పెద్దమ్మా అని పిలిచేది ఆమె ఒక్కతే. అదీ పోతుందని.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది ఇవ్వడానికి మీది కాదు. ఆమెతో చెప్పాల్సిన ముక్క మాత్రం ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను.

సుగుణా, దేవుడు నీ మాట ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పాను.