బోటు బొమ్మ మీద జానెడు గీత

తెనాలిలో మాది కిరాణా కొట్టు. దెయ్యమే గుమ్మంలోకి వచ్చినా ముందు ఏం కావాలని అడిగే వంశం మాది. దెయ్యాల మీద మాకున్న నమ్మకం అంతవరకే. ఇది మాత్రం జరిగింది.

నేను ఫోన్లలో ఆడే చిన్న గేములు తయారుచేస్తాను. గేమ్ ఇంజిన్ అంటే గోదాములాంటి సాఫ్ట్‌వేర్. బొమ్మలు, శబ్దాలు అందులోకి ఎక్కించి పెడితే, ఆటలో ఎప్పుడు ఏది కావాలో అది తీసి చూపిస్తుంది.

చేపలవేట గేము కోసం బాపట్ల తీరంలో నాగరాజన్న ఫైబర్ బోటును అన్ని వైపులా ఫొటోలు తీశాను. గేములో బోటుకు ఆయన కూతురి పేరు పెడతానని చెప్పి ఊరికే ఒప్పించాను. నా బేరాలు అలాగే ఉంటాయి.

ఆ ఫొటోలతో చేసిన బోటును ఇంజిన్‌లోకి ఎక్కిస్తే, ముందు భాగంలో, ఎడమ పక్క అడుగున, జానెడు నల్ల గీత కనిపించింది. ఫొటోల్లో అది లేదు. వాటితో చేసిన ఫైల్లోనూ లేదు. తీసేసి మళ్లీ ఎక్కించాను. రేపల్లెలో స్నేహితుడి కంప్యూటర్లో మొదటినుంచీ చేసి చూశాం. అదే చోట, అంతే పొడవు.

చివరికి వదిలేశాను. లోపమున్న సరుకును పాతకాలపు పనితనమని అంటగట్టడం మాకు తెలియని విద్య కాదు.

నెల తర్వాత ఓ సాయంత్రం ఆట చూపించడానికి వెళ్లాను. మర్నాడు నాగరాజన్న వేటకు బయల్దేరాలి. వల, డీజిల్ అప్పటికే బోటులోకి చేరాయి. ఆయన భార్య మంగమ్మక్క ఫోన్ చూసి పకపకా నవ్వింది.

"ఏంటి తమ్ముడూ, మా బోటు పగలగొట్టేశావా?"

"కంప్యూటర్ తప్పండి అక్కా. ఎంత తుడిచినా పోవట్లేదు."

నాగరాజన్న నవ్వలేదు. బోటు దగ్గరకెళ్లి, ఆ చోట వేళ్లతో తట్టాడు. పక్కన తట్టాడు. మళ్లీ అక్కడే తట్టాడు.

"మోత తేడాగా ఉందిరా" అన్నాడు.

రంగు గీకితే లోపల పగులు. జానెడు. పైన రంగు మాత్రం చెక్కుచెదరలేదు.

మంగమ్మక్క బోటెక్కి, ఒక్కతే వల లాగి ఇసుకలోకి దించడం మొదలుపెట్టింది.

ఫొటోకు అందని పగులు ఇంజిన్‌లో ఎలా కనిపించిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్లను అడిగితే నీడ అన్నారు, ఫైలు పాడైందన్నారు. నీడకు కొలత ఎలా కుదిరిందో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు తీరంలో మిగతావాళ్లూ పిలుస్తున్నారు, మా బోట్లకూ ఫొటోలు తీసి చూడమని. నేను వెళ్లడం లేదు. బొమ్మలో గీత పడకపోతే, ఆ నమ్మకంతో సముద్రం మీదికి వెళ్తారు. ఆ గీత ఎందుకు పడిందో తెలియని నేను, పడలేదు కాబట్టి ఫర్వాలేదని ఎలా చెప్పగలను?