వంకర కుట్ల బొంత

నా చిన్నప్పుడు మా లైనులో, అంటే గని కూలీల ఇళ్ల వరసలో, ప్రతి రెండు ఇళ్లకూ నడుమ ఒకటే గోడ, ముందర ఒకటే వసారా, బట్టలు ఆరేసుకోవడానికి ఒకటే దండెం. గోడకు ఇవతల మేము, అవతల పక్కింటి అత్త. కోలారు బంగారు గనుల్లో పనికని చిత్తూరు వైపు పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలే రెండూ. మగవాళ్లు ఒకే షిఫ్టుకు కలిసి భూమిలోకి దిగేవాళ్లు. పైన మా అవ్వకూ ఆ అత్తకూ మాత్రం పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

దానికి కారణం కొళాయి దగ్గర మా అవ్వ అన్న ఒక మాట. ఎవరి బిందె ముందు అన్న తగవులో, లైనులోని ఆడవాళ్లంతా వరసలో నిలబడి వింటుండగా, మా అవ్వ ఆమెను గొడ్రాలు అన్నది. అత్తకు పిల్లలు లేరు. ఆమె బిందె కింద పెట్టి, "ఆ మాట ఎనక్కి తీసుకో పెద్దమ్మా. ఈడనే తీసుకో" అన్నది. అవ్వ తీసుకోలేదు. బిందె నింపుకుని ఇంటికి వచ్చేసింది. ఆ రోజుతో అత్త నోట పెద్దమ్మా అనే పిలుపు ఆగిపోయింది. అవ్వ పగే నా పగ అనుకుని నేను కూడా ఆమె ఎదురుపడితే ముఖం తిప్పుకునేదాన్ని.

అలా ఉండగా ఒక చలికాలం మా పిన్నమ్మ క్యాసంబళ్ళి నుంచి కాన్పుకు వచ్చింది. అవ్వకు ఆమె కడగొట్టు కూతురు. మొదటి బిడ్డ దక్కలేదు కాబట్టి ఇంట్లో అందరికీ లోపల భయమే. పుట్టిన బిడ్డను కొత్త బట్ట మీద పడుకోబెట్టకూడదు, పెద్దవాళ్లు కట్టి విడిచిన మెత్తటి పాత చీరలతో కుట్టిన బొంత మీదే పడుకోబెట్టాలి. అవ్వకు కళ్లు మసకబారాయి, సూదిలోకి దారం ఎక్కించడమే గగనం. లైనులో బొంత అంటే పక్కింటి అత్తదే. ఆ వీధిలో పుట్టిన పసివాళ్లలో సగం మంది, పిల్లలు లేని ఆ మనిషి కుట్టిన బొంతల మీదే పెరిగారు.

అడగడానికి అవ్వకు నోరు రాలేదు. అందుకని ఒక ఉపాయం పన్నింది. పెట్టెలోంచి పాత చీరలు తీసి, పేలికలు చించి, సూది నా చేతికిచ్చి, "నీ చేతికి ఎట్లొస్తే అట్ల కుట్టు" అన్నది. నాకు అంతవరకూ సూది పట్టడమే తెలియదు. ఎరుపు పక్కన ఎరుపు, దాని మీద అడ్డంగా ఒక పచ్చ ముక్క, కుట్లేమో కప్ప గంతులు. అవ్వ తడిమి చూసి భలే ఉండాదని మెచ్చుకుంది. నేను నిజమే అనుకున్నాను. దాన్ని తీసుకెళ్లి సరిగ్గా అత్త గుమ్మానికి ఎదురుగా దండెం మీద వేసింది.

మొదటి రోజు అత్త దాన్ని చూసి మూతి తిప్పుకుని లోపలికి పోయింది. మర్నాడు దగ్గరికొచ్చి, ఒక అంచు తిరగేసి చూసి, తల కొట్టుకుంది. ఆ తర్వాతి మధ్యాహ్నం ఇంక ఓర్చుకోలేకపోయింది. దండెం మీంచి ఒక్క లాగు లాగి నా మీదికి వచ్చింది.

"ఇది బొంతా, గోనెసంచా? పసిబిడ్డ ఒళ్లు గీసుకుపోదా? ఎవురే ఇది కుట్టింది?"

నేనే అన్నాను, గొప్పగానే. ఆమె బ్లేడు తెచ్చుకుని, తన వైపు వసారాలో చతికిలబడి, నా కుట్లన్నీ పరపరా విప్పేసింది. నాకు ఏడుపొచ్చింది. తలుపు వెనక అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

బొంత ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పొరలు ముడతపడకుండా అవతలి అంచు ఎవరో ఒకరు పట్టుకోవాలి. అందుకని అత్త నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "బిగించి పట్టు. మీ ఇంట్లో నోళ్లే గట్టి, చేతులు కాదు" అని రోజూ ఒక దెప్పు. కానీ ముక్కలు పరిచేటప్పుడు మాత్రం ఆ మనిషే వేరు. పసుపు పక్కన నీలం పెట్టి, తల వాల్చి చూసి, తీసేసి, వంగపండు రంగు పెట్టేది. కుదిరిందంటే ముఖం విచ్చుకునేది. నన్ను కూడా మరిచిపోయి తనలో తాను నవ్వుకునేది. అంచు మడిచి, చుట్టూ ఒక వరస, దాని లోపల ఇంకో వరస, అలా నడిమికి పోతూ ఉండేది. బిడ్డ మెడ కింద గట్టిగా తగులుతుందని ఎక్కడా ముడి పైకి కనబడనిచ్చేది కాదు.

ఒకరోజు సూది నాకిచ్చింది. కుట్టు బియ్యపు గింజంత ఉండాలని, దారం మరీ లాగితే గుడ్డ ముడుచుకుంటుందని చెప్పింది. కుట్టు తప్పినప్పుడల్లా చేతి మీద ఒక్కటి వేసేది. సాయంత్రానికి నా చేతి కింద ఒక వరస నేరుగా వచ్చింది. దాన్ని వేలితో మళ్లీ మళ్లీ తడుముకున్నాను. అంత సంతోషం నాకు అంతకు ముందు తెలియదు. శత్రువు దగ్గర నేర్చుకుంటున్నానే అన్న సంగతి కూడా గుర్తుకు రాలేదు.

బొంత పూర్తయిన రోజు అవ్వ పళ్లెంలో చీర, అరటిపళ్లు, తాంబూలం పెట్టుకుని వసారాలోకి వచ్చింది. అత్త దారం పంటితో తెంపి, బొంత మడతపెట్టి లేచింది.

"వంకర కుట్లు కావాలనే ఏయించినావని నాకు ఆ పొద్దే తెలుసు. కుట్టేది నాకు ఇష్టం, కుట్టినాను. సూదికి పగ లేదు. నాకుండాది. నీ చీర నాకొద్దు. కొళాయి కాడికొచ్చి ఆ మాట ఎనక్కి తీసుకో."

అవ్వ తల వంచుకుని పళ్లెంలో అరటిపళ్లు సర్దింది. అత్త అది చూసింది. చేతిలోని బొంతను ఆ పళ్లెంలో చీర మీదే పెట్టి, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

నేను అవ్వను వదల్లేదు. ఒక్క మాటే కదా, పోయి చెప్పొచ్చు కదా అన్నాను.

"అంతమంది ముందర ఎట్ల చెప్పేదే?"

"అన్నప్పుడు కూడా అంతమందీ ఉండిరి కదా అవ్వా."

నా మూతి మీద ఫెడీమని కొట్టింది. అవ్వ నన్ను కొట్టింది అదే మొదలు.

పిన్నమ్మకు ఆడపిల్ల పుట్టింది, ఆ బొంత మీద చక్కగా బతికి బట్టకట్టింది. ఒకటే గోడకు అటూ ఇటూ ఆ ఇద్దరూ మాటల్లేకుండానే ముసలివాళ్లయ్యారు. అవ్వ పోయినప్పుడు అత్త తన గడప దాటి రాలేదు. ఎంత రాతిగుండె అని లైనంతా ఆమెను తిట్టింది. నేను తిట్టలేదు.

గనులు మూతపడి చాలా ఏళ్లయింది. ఆ గనుల ఊళ్లోనే, రాబర్ట్‌సన్‌పేటలో మా ఇంట్లో నేనిప్పటికీ బొంతలు కుడతాను, మధ్యాహ్నం ముక్కలు పరుచుకుని కూర్చున్నానంటే ఆకలి కూడా గుర్తుండదు. చూడవచ్చినవాళ్లు, కుట్టు మనుషుల్ని కలుపుతుందమ్మా అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. కుట్టు గుడ్డను గుడ్డకు కలుపుతుంది. మనుషుల సంగతి నోటితో తేల్చుకోవాల్సిందే.

పోయిన నెల పాల బూత్ దగ్గర, నలుగురూ చూస్తుండగా, ఎదురింటి కోడలిని తొందరపడి ఒక మాట అన్నాను. మర్నాడు పొద్దున అదే బూత్ దగ్గర, ఆ నలుగురి ముందే, నేనన్నది తప్పు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను అని చెప్పాను. ముఖం కాలిపోయింది. ఈ వయసులో ఇంత కష్టమా అనిపించింది. అవ్వ ఎందుకు చెప్పలేకపోయిందో ఆ పొద్దున నాకు బాగా అర్థమైంది. అర్థమైనా, ఆమె మీద కోపం మాత్రం పోలేదు.