మా వదిన మోకాలు

మొన్న చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లికి పోయే బస్సులో, నా ముందు సీట్లో ఇద్దరు కాలేజీ పిల్లలు ఒకే ఫోను మీదికి వంగి కూర్చున్నారు. వాళ్ళు అభిమానించే క్రికెటరొకడు మోకాలికి ఆపరేషన్ చేయించుకున్నాడట. త్వరలోనే ఆడొచ్చని డాక్టర్లు చెప్పిన వార్త అప్పుడే వచ్చింది. ఒక పిల్ల కళ్ళు తుడుచుకుంది. "ఏడ్చేదెందుకే, బాగైతాండాడు కదా" అంటూ రెండోది తన కళ్ళూ తుడుచుకుంది. నాకు మిట్టేమరిలో మా మేనత్త ఇల్లు గుర్తొచ్చింది. బాగేపల్లి వచ్చేదాకా ఆ ఇంట్లోనే ఉండిపోయాను.

మేనత్త కూతురు నాకంటే పెద్దది, వదిన అని పిలిచేదాన్ని. కబడ్డీ ఆడేది. పొట్టి మనిషి. పొద్దుటిపూట శెనక్కాయ చేలో కలుపు తీసి, సాయంత్రం కూతకు దిగితే ఎవరి చేతికీ చిక్కేది కాదు. మేనత్తకు ఆట నియమాలు ఒక్కటీ తెలీదు. కూతురు అవతలి పక్క ఎక్కువసేపు ఉంటే చాలు, "చాల్లే, ఇంగ ఇంటికి రామ్మా" అని తాడు దగ్గర నుంచి అరిచేది. జిల్లా జట్టులోకి తీసుకున్నాక వదినకు మిట్టేమరిలోనే కాదు, బాగేపల్లి బస్టాండులోనూ అభిమానులు పుట్టుకొచ్చారు. అక్కడ పూలమ్మే ఆమె వదిన బస్సు దిగితే పిలిచి, మూరెడు మల్లెలు జడలో పెట్టిగానీ పంపేది కాదు.

చింతామణిలో జరిగిన పోటీలో, పట్టుకున్న వాళ్ళను విదిలించుకుని గీత మీదికి దూకినప్పుడు వదిన మోకాలు మెలిపడింది. చెయ్యి గీతకు తగిలింది, పాయింటు వచ్చింది, మనిషి మాత్రం లేవలేదు. బెంగళూరులో ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి వసారాలో మంచం మీదే ఉంది. చూడ్డానికి వచ్చేవాళ్ళు ఊరికే వచ్చేవాళ్ళు కాదు. నాటుకోడి గుడ్లు, మేకకాళ్ళ చారు, ఏవేవో నూనెలు తెచ్చేవాళ్ళు. కాలికి ఏదీ రుద్దొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. వద్దంటే నొచ్చుకుంటారని మేనత్త ఆ సీసాలన్నీ మంచం కింద దాచేది. వసారా అంతా నూనె వాసన. ఎవరైనా ఆట మాటెత్తితే వదిన గోడవైపు తిరిగి పడుకునేది.

ఒకరోజు మామ ఆమెను మళ్ళీ బెంగళూరులో చూపించుకుని వచ్చాడు. వాళ్ళు ఇల్లు చేరేసరికి వసారాలో కాలు పెట్టే చోటు లేదు. పూలామె బుట్ట ఎవరికో అప్పజెప్పి ముందే వచ్చి కూర్చుంది.

"ఏమన్న్యాడప్పా డాక్టరు?" అని మామను అడిగింది.

"మళ్ళీ ఆడొచ్చన్నాడమ్మా. నిదానంగా."

ఆ నిదానంగా అన్న మాట ఎవరికీ వినపడలేదు. "యేదీ, ఒకసారి వంచి చూపించమ్మా" అంది పక్కింటి అవ్వ. వదిన మంచం అంచున కూర్చుని, పళ్ళు బిగబట్టి, మెల్లగా మోకాలు వంచింది. మడమ మంచం కిందికి పోయింది. పూలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"నువ్వే ఏడిస్తే నేనెట్ల ఆడేదక్కా?" అంది వదిన. అన్ని నెలల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

మరుసటేడు బాగేపల్లి మైదానంలో మళ్ళీ కూతకు దిగింది. ఎవరూ అరవలేదు, ఈల వెయ్యలేదు, అరిస్తే ఆ మోకాలికి ఏమవుతుందోనని భయం. ఒకరిని తాకి, తిరిగొచ్చి గీత దాటాక గానీ జనానికి గొంతు రాలేదు. మేనత్త ఎప్పటిలాగే ఇంటికి రమ్మంది. వదిన విననట్టు నవ్వి రెండో కూతకు పోయింది.

ఆడింది ఆ ఒక్క ఏడాదే. తర్వాత ధారవాడ వైపు ఒక బడిలో ఆటల టీచరుగా కొలువు దొరికింది, అక్కడే పెళ్ళయింది. చలికాలంలో మోకాలు సలుపుతుందని ఫోనులో చెబుతుంది, పిల్లలకు కూత నేర్పేటప్పుడు మాత్రం గుర్తే రాదంటుంది. పూలామె పోయింది, పక్కింటి అవ్వా పోయింది. కాలం నాకు చాలానే ఇచ్చింది, కాదనను. ఒక మనిషి కోసం అంతమంది ఒక్కటిగా ఆశపడిన సాయంత్రాన్ని మాత్రం మళ్ళీ ఇవ్వలేదు.