అమావాస్య నాటి మగ్గం, రెండు లెన్సులు

1988 జనవరిలో నన్ను డార్క్‌రూమ్ నుంచి బయటకు తీసి మహబూబ్‌నగర్ జిల్లా పర్యటన డ్యూటీ వేశారు. అప్పటికి నేను ఒక ప్రభుత్వ శాఖలో డార్క్‌రూమ్ అసిస్టెంటుని. ఇతరులు తీసిన ఫొటోలను ఎర్ర బల్బు కింద కడగడం నా పని. ఫీల్డు ఫొటోగ్రాఫర్ పోస్టు ఖాళీ కావడంతో, పరీక్షగా ఈ పని అప్పగించారు. యాత్రికుల కోసం వేసే పుస్తకానికి గద్వాల మగ్గాలు, శ్రీరంగాపూర్ గుడి, సోమశిల పడవలు తీసుకురావాలి. అట్ట మీదికి మగ్గం బొమ్మే కావాలన్నారు. నూలు చీరకు పట్టు అంచు కలిసే చోటు పోగుపోగుగా కనబడాలి. అది వస్తే పోస్టు నాది, రాకపోతే మళ్ళీ ఎర్ర బల్బే. ఆ బల్బు మొహం చూసీ చూసీ నాకు విసుగెత్తిపోయింది.

స్టోరులో ఒక 35 ఎం.ఎం. కెమెరా, నాలుగు లెన్సులు, ఇటుకంత ఫ్లాష్ ఉండేవి. తిరగాల్సింది బస్సుల్లో కాబట్టి ఒక్క సంచికి మించి మోయలేం. ఫ్లాషూ, దూరాన్ని దగ్గరకు లాగే 200 లెన్సూ తప్పక తీసుకెళ్ళమని మా చీఫ్ ఫొటోగ్రాఫర్ రాఘవరావు గారు చెప్పారు. నేను ఆ రెండూ వదిలేశాను. 28, 50 లెన్సులు సంచిలో వేసుకుని, కెమెరాను కదలకుండా నిలబెట్టే ట్రైపాడ్ భుజాన పెట్టుకున్నాను. 28 వెడల్పుగా చూస్తుంది, ఇరుకు గదిలో గోడకు ఆనుకుని నిలబడినా మగ్గమంతా పడుతుంది. 50 మసక వెలుతురులోనూ పనిచేస్తుంది. పడవ దూరంగా ఉంటే, అది ఒడ్డుకు వచ్చేదాకా ఆగితే సరిపోతుంది. ఇక ఫ్లాష్ సంగతి. జరీ మీద దాని వెలుగు పడితే తెల్లటి మచ్చ తప్ప ఏమీ మిగలదు. అలాంటి నెగెటివులు కడిగీ కడిగీ నా చేతులు అరిగిపోయాయి. రాఘవరావు గారు ఇదేమీ చెవిన పెట్టలేదు. "చీకటి కొట్లోకి ఫ్లాష్ లేకుండా పోతున్నావు. రేపు నా దగ్గరకొచ్చి ఏడవకు" అన్నారు. నాకు మొండితనం పుట్టుకతో వచ్చింది, బస్సెక్కాను.

గద్వాలలో దిగి నేతవాళ్ళ వీధికి పోయేసరికి ఏదో తేడా కొట్టింది. అన్ని ఇళ్ళలో మగ్గాలున్న వీధిలో చప్పుడన్నదే లేదు. నాకు చెప్పిన ఇల్లు నర్సింలు అనే నేతగానిది. నేల తవ్వి కాళ్ళు అందులో పెట్టుకుని నేసే గుంట మగ్గం ఆయనది. మగ్గం శుభ్రంగా తుడిచి కుంకుమ బొట్లు పెట్టి ఉంది. ఆయన అరుగు మీద కూర్చుని తమలపాకు నములుతున్నాడు.

"ఇయ్యాల అమాస సారూ. ఈ గల్లీల ఎవ్వరం మగ్గం ముట్టం. జర రేపు రాండ్రి" అన్నాడు.

ఆఫీసులో పర్యటన ఖరారు చేసినప్పుడు సెలవులు చూశాం, బస్సులు చూశాం, పంచాంగం ఎవరూ చూడలేదు. కనీసం వెలుతురైనా కొలుచుకుందామని లోపలికి వెళ్ళాను. మిద్దె కప్పులో గవాక్షం ఒకటే దిక్కు. వెలుతురు కొలిచే మీటరు ముల్లు అడుగునే ఉండిపోయింది. నా దగ్గరున్నది స్లైడ్ ఫిల్మ్. అచ్చుకు నేరుగా పనికొచ్చేది అదే, కానీ దానికి వెలుతురు ఆకలి ఎక్కువ. చీర అంచూ మనిషీ రెండూ స్పష్టంగా రావాలంటే కెమెరా కన్ను కొన్ని సెకన్లు తెరిచి ఉంచాల్సిందే. నమూనాకు ఒకటి రెండు తీసుకుంటాను, ఊరికే మగ్గంలో కూర్చోమని నర్సింలును అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆయన భార్య సత్తెమ్మ లోపలినుంచి వచ్చింది. "నెయ్యొద్దు గానీ ఉత్తగ కూసుంటే ఏమైతది? గంత దూరం కెల్లి వచ్చిండు, కూసో" అంది.

కూర్చున్నాడు. పోగును అటూ ఇటూ నడిపే నాడె పక్కన చెయ్యి పెట్టాడు, దాన్ని ముట్టలేదు. రెండు ఫ్రేములు తీశాను, దారిలో తీసినవాటితో కలిపి ఆ రోలు అయిపోయింది. మర్నాడు పొద్దున్నే వెళ్తే వీధంతా మగ్గాల చప్పుడు. నర్సింలు నేస్తూ, నేను చెయ్యెత్తినప్పుడల్లా ఊపిరి బిగబట్టి ఆగేవాడు. 28తో కొన్ని, 50తో కొన్ని తీశాను. మనసు తృప్తిపడింది. తర్వాత వనపర్తి మీదుగా శ్రీరంగాపూర్, అక్కణ్ణుంచి సోమశిల చూసుకుని, నాగర్‌కర్నూల్‌లో హైదరాబాదు బస్సెక్కాను.

ఫిల్ములు బొంబాయిలో కడిగించి తెప్పించారు. లైటు బల్ల మీద స్లైడ్లు పరిచి, భూతద్దం కంటికి ఆనించుకుని రాఘవరావు గారు చూస్తున్నారు. మొదట అమావాస్య మర్నాటి రోలు తీశారు. ఒక్కొక్కటే పక్కన పెడుతున్నారు. నేనూ వంగి చూశాను. పోగులన్నీ అలుక్కుపోయాయి. మనిషి ఆగాడు, మగ్గం ఆగింది, అయినా గది మొత్తం వణికినట్టుంది. అప్పుడు తట్టింది నాకు. నర్సింలు ఆగితే సరిపోదు. గోడకు అవతల వాళ్ళ తమ్ముడి మగ్గం, దాని అవతల ఇంకోటి, పోగును దగ్గరకు కొట్టే ప్రతి దెబ్బకూ నేల అదురుతూనే ఉంది. నా ట్రైపాడ్ కాళ్ళు ఆ నేల మీదే ఉన్నాయి. ఎర్ర బల్బు కళ్ళ ముందు కదిలింది.

రాఘవరావు గారు రెండో రోలు డబ్బా తెరిచారు. చివరి రెండు స్లైడ్ల దగ్గర ఆగిపోయారు. భూతద్దం తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "ఇదెప్పుడు తీశావు?" అన్నారు. చూస్తే అంచు కలిసే చోట పోగులు లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉన్నాయి. జరీ తెల్లమచ్చ కాకుండా నిండుగా మెరుస్తోంది. వీధి మొత్తం ఊరుకున్న అమావాస్య నాటి బొమ్మ అది. ఒళ్ళంతా తేలికైపోయింది. ఆ సాయంత్రం టిఫిను సెంటర్లో రెండు ప్లేట్లు పూరీ తిన్నాను, అదీ ఆయన ఖర్చుతోనే.

పోస్టు ఆర్డరు వచ్చాక పుస్తకం పట్టుకుని గద్వాల వెళ్ళాను. నర్సింలు అట్టను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎందుకు ఆ బొమ్మే నిలిచిందో చెప్పాను. సత్తెమ్మ పడీపడీ నవ్వింది.

"చూసిండ్రా సారూ? దినమంత నడుం ఇరగ నేస్తే రాలే. ఉత్తగ కూసుంటే అట్ట మీదికెక్కిండు మా ఆయన!"

ప్రయాణానికి ఏ కెమెరా, ఏ లెన్సు మంచిదని ఇప్పటికీ అడుగుతుంటారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నేను ముందు రెండు సంగతులు కనుక్కునేవాణ్ణి. ఆ గదిలోకి వెలుతురు ఎటునుంచి వస్తుంది, ఆ వీధి ఏ రోజు పని ఆపుతుంది. సంచి సర్దడం ఆ తర్వాతే.